లాక్టమ్ వలయంలో ఒకే ఒక్క కర్బనం: నా అనుభవం

ఆరు పరమాణువుల లాక్టమ్ వలయంలో (నత్రజని, దాని పక్కనే కార్బొనిల్ అనే కర్బన-ఆక్సిజన్ జంట ఉండే వలయం) కార్బొనిల్‌ను ఆనుకొని ఉన్న కర్బనం మీద హైడ్రోజన్ మిగలకుండా అల్లైల్ అనే మూడు కర్బనాల సమూహాన్ని చేర్చడం, అదీ అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే కుడి ఎడమ రూపాల్లో నాకు కావలసిన ఒక్కదాన్నే రాబట్టడం నేను తలకెత్తుకున్న పని. ఇందుకు అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టోల్జ్ బృందం 2004లో కీటోన్లకు చూపించి, 2012లో లాక్టమ్‌లకు విస్తరించిన డీకార్బాక్సిలేటివ్ అల్లైలేషన్ అనే చర్యను ఎంచుకున్నాను. అందులో పల్లాడియం లాక్టమ్‌కు తగిలించిన అల్లైల్ ఎస్టర్‌ను విడదీస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోతుంది, మిగిలిన ఇనోలేట్ (రుణావేశమున్న లాక్టమ్ భాగం) అల్లైల్‌ను ఏ ముఖం నుంచి అందుకోవాలో పల్లాడియాన్ని పట్టుకుని ఉండే ఫాక్స్ అనే లైగాండ్ అణువు నిర్ణయిస్తుంది.

తగిలించడం తేలిక అన్న ఒకే కారణంతో నత్రజని మీద మొదట బాక్ అనే రక్షక సమూహాన్ని పెట్టి, ద్రావణిగా టీహెచ్‌ఎఫ్ వాడాను. దిగుబడి బాగానే వచ్చింది కానీ, ట్రైఫినైల్‌ఫాస్ఫీన్‌తో చేసిన రెసిమిక్ (రెండు రూపాలూ సమంగా ఉన్న) నమూనా పక్కన పెట్టి చూస్తే, ఆ రూపాలను విడదీసే కైరల్ కాలమ్ మీద రెండో శిఖరం, అంటే నాకు అక్కర్లేని రూపం, మొదటిదానిలో సగానికి పైగా ఉంది. లైగాండ్ గాలికి పాడైందేమోనని దానిలోని ఫాస్ఫరస్ స్థితిని చూపే ఎన్‌ఎంఆర్ వర్ణపటం తీశాను. ఆక్సైడ్ శిఖరం కొద్దిగా కనిపించింది. కొత్త లైగాండ్ తెచ్చి, ద్రావణిలోని ఆక్సిజన్‌ను పూర్తిగా తొలగించి చేసినా పెద్ద మార్పు రాలేదు. నెలల తరబడి లైగాండ్ మీదే దృష్టి పెట్టి, నత్రజని మీద నేనే పెట్టిన సమూహాన్ని అనుమానించకపోవడం నా పొరపాటు.

బాక్ బదులు బెంజాయిల్ పెట్టాను; ఫాస్ఫీన్ మీద ట్రైఫ్లోరోమిథైల్ సమూహాలున్న ఫాక్స్ తీసుకుని, టోలీన్‌లోకి మారాను. నాకు అర్థమైనంతవరకు, బెంజాయిల్ నత్రజనిలోని ఎలక్ట్రాన్ జంటను తనవైపు లాక్కోవడంతో లాక్టమ్ ఇనోలేట్ కీటోన్ ఇనోలేట్‌కు దగ్గరగా ప్రవర్తిస్తుంది. ఆర్గాన్ కింద ఊదారంగు పల్లాడియం డైబెంజిలిడీన్ అసిటోన్ సంక్లిష్టాన్నీ లైగాండ్‌నూ టోలీన్‌లో అరగంట కలియబెడితే ద్రావణం నారింజ రంగుకు తిరిగింది. ఎస్టర్ పోయగానే ఆలివ్ పచ్చగా మారింది. ఆ రంగు చూసి ఊపిరి పీల్చుకున్నాను. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద చర్య పూర్తయ్యాక, ఆ కైరల్ కాలమ్ ఉన్న హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో రెండో శిఖరం ఆధారరేఖను దాటి కాస్త మాత్రమే లేచింది.

ఆ ఫలితాన్ని వెంటనే నమ్మలేకపోయాను. నిర్ధారించుకోవడానికి లైగాండ్ యొక్క వ్యతిరేక రూపంతో అదే చర్యను మళ్ళీ నడిపాను. ఈసారి మొదటి శిఖరం దాదాపు మాయమై, రెండోది నిటారుగా నిలిచింది.