ఆప్టిమస్ రంగు పోయింది

"నాన్నా, ఛార్జింగ్ అయిపోయిందా?"

తెర మీద, లారీగా మారే రోబో హీరో ఆప్టిమస్ ప్రైమ్ చనిపోతున్నాడు. ఒంటి మీది ఎరుపు, నీలం మెల్లగా వెలిసిపోయి బూడిద రంగుకి వచ్చేశాయి. మావాడు చేతిలో చెగోడీ అలాగే పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. ఏం చెప్పను? "ఊఁ, అలాంటిదే" అనేశా.

1986 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమా. పిల్లాడితో కూర్చునే ముందు ఇందులో ఎంతమంది పోతారో గుర్తు తెచ్చుకోవాల్సింది. ఐరన్‌హైడ్, రాచెట్, ప్రౌల్... వరసపెట్టి. ప్రౌల్‌కైతే నోట్లోంచి పొగ, అంతే. ఒక్క మంచి డైలాగు కూడా ఇవ్వలేదు పాపం.

కారణం కథలో లేదు, బొమ్మల కొట్లో ఉంది. 1984 నాటి బొమ్మలు పాతబడ్డాయి, అరల్లో కొత్తవాటికి చోటు కావాలి. బొమ్మల కంపెనీ హాస్‌బ్రో లెక్క అది. థియేటర్లలో పిల్లలు ఏడ్చేసరికి గొడవైంది. 1987లో టీవీ సిరీస్‌లో ఆప్టిమస్‌ని మళ్లీ బతికించారు. ఆ గొడవతోనే, హాస్‌బ్రో వాళ్ల సైనికుల బొమ్మల సినిమా జి.ఐ. జోలో డ్యూక్ అనే సైనికుడి చావు కాస్తా కోమాగా మారిపోయింది.

విచిత్రం ఏంటంటే, అమ్మకాల కోసం రాసిన ఆ చావే నాకు ఇప్పటికీ నిజం చావులా అనిపిస్తుంది. తర్వాత ఎన్నిసార్లు చంపి లేపారో! ఒక్కసారి కూడా గొంతు పూడుకుపోలేదు.

పడుకునే ముందు మావాడు తన బొమ్మ లారీని నా ఫోన్ ఛార్జర్ పక్కన పెట్టి వెళ్లాడు.