గీజరు కడిగిన ఆదివారం

కార్తీకం నడుస్తోంది. అత్తమ్మ తెల్లారకముందే తలస్నానం చేసి దీపం పెడుతుంది. కొన్నాళ్ళుగా వేడినీళ్ళు సన్నగా వస్తున్నాయని అంటోంది. చన్నీళ్ళు మాత్రం జోరుగానే పడుతున్నాయి. అంటే పైన ట్యాంకులో లోపమేం లేదు. మాది లోపల ట్యాంకు లేని గ్యాసు గీజరు, దాని రాగి గొట్టంలో సున్నం పట్టింది. సెలవు కదా అని ఇవాళ ఆ పని పెట్టుకున్నా.

హైదరాబాద్ కొత్తపేటలో మాకు నల్లాలో కృష్ణా నీళ్ళొస్తాయి, చాలని రోజు బోరే దిక్కు. బోరు నీళ్ళలో కరిగి ఉండే కాల్షియం బైకార్బనేట్ వేడి తగలగానే విడిపోయి, కరగని కార్బనేటుగా మారి గోడకి అంటుకుంటుంది. ట్యాంకు గీజర్లో అది చాలావరకు అడుగున చేరి ఊరుకుంటుంది. ట్యాంకు లేనిదాంట్లో నీళ్ళు పారేదే సన్న గొట్టంలో, కాస్త పేరుకున్నా దారి మూసుకుపోతుంది. అందుకే మా వైపు ఇలాంటి గీజరు కొనేవాళ్ళు కడగడం కూడా నేర్చుకోవాలి.

గ్యాసు కట్టేసి, మంట అంటించే బ్యాటరీలు తీసి, నీళ్ళ వాల్వులు మూసి రెండు పైపులూ విప్పాను. అయిదు లీటర్ల నీళ్ళలో కిరాణా కొట్టు నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) 150 గ్రాములు కలిపాను. ఎండాకాలం వాడే కూలర్ పంపు అందులో వేసి, చన్నీళ్ళ వైపు నుంచి ఎక్కించి వేడినీళ్ళ వైపు నుంచి మళ్ళీ బకెట్లోకే వదిలాను. కూలర్ పంపు ఎక్కువ ఎత్తుకి తోయలేదు, బకెట్ స్టూలు మీద పెడితేనే ధార అందింది. కాసేపటికి నురగ మొదలైంది. సున్నం కరుగుతూ కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. నీళ్ళు తెల్లగా, చివరికి కుడితిలా అయ్యాయి, అడుగున ఇసుకలాంటి పెచ్చులు. నురగ ఆగేదాకా తిప్పి, తర్వాత మంచినీళ్ళతో బాగా కడిగాను.

పంపు తిరుగుతుండగానే పైనింటి వదిన వచ్చింది. "మాకు గూడ ఇదే పెట్టిస్తే అయితదా? బాత్రూంలనే పెడదామనుకుంటున్నం."

"వద్దు వదినా," అన్నాను, కొంచెం గట్టిగానే. వాళ్ళ బాత్రూంకి కిటికీ లేదు. గ్యాసు సరిగా కాలకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, తలుపేసుకుని స్నానం చేసే మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. మాది బయట వాష్ ఏరియాలో, గాలాడేచోట ఉంది. మంట నీలంగా ఉందా, పసుపు తిరిగిందా అని నేను చూస్తూనే ఉంటాను. పైగా వాళ్ళ ఇల్లు సరిగ్గా మేడ మీది ట్యాంకు కింద, ఎత్తు చాలక నీళ్ళు జోరుగా రావు. నీళ్ళ ఒత్తిడి చాలకపోతే ఈ గీజరు అసలు అంటుకోదు.

వదిన ట్యాంకు లేని కరెంటుది తీసుకుంటానంటే లెక్క వేరు. మా గ్యాసుది నిమిషానికి 6 లీటర్లని 25 డిగ్రీలు పెంచే రకం, అంటే 10 కిలోవాట్ల పైమాటే. బాత్రూంలో 16 ఆంపియర్ల ప్లగ్గుకి 3 కిలోవాట్లే సరి, దాంతో నిమిషానికి 2 లీటర్లు, 20 డిగ్రీల పైచిలుకు. బకెట్ స్నానానికి చాలు, షవర్ ఆశ పెట్టుకోకూడదు. షాపుల్లో ఇన్‌స్టంట్ అని అమ్మే 3 లీటర్లదాంట్లోనూ చిన్న ట్యాంకు ఉంటుందని చెప్పాను. ట్యాంకు గీజరు కన్నా కరెంటు సగానికి సగం మిగులుతుందన్న మాటా నమ్మొద్దన్నాను. అవే నీళ్ళు, అంతే వేడి. మిగిలేది ట్యాంకులో ఊరికే చల్లారే వేడి మాత్రమే.

మళ్ళీ బిగించి, లీకేమైనా ఉందేమోనని గ్యాసు పైపు కీళ్ళకి సబ్బు నురగ రాసి చూసుకుని, కొత్త బ్యాటరీలు వేశాను. నల్లా తిప్పగానే టక్కున అంటుకుంది, ధార ఎప్పటిలా లావుగా వచ్చింది. అత్తమ్మ చెయ్యి పెట్టి చూసి, "ఇగ మంచిగున్నది," అంది.

వదిన మాత్రం కరెంటుదే ఖాయం చేసుకుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ చూసి, బోర్డు నుంచి గీజరుకి వేరే వైరు లాగాకే షాపుకి వెళ్దామని ఇద్దరం అనుకున్నాం.