సంగీతోత్సవానికి ముందు పది రోజులు

ఆరుబయట జరిగే సంగీతోత్సవానికి టికెట్ కొన్న నాటి నుంచి నేను కళాకారుల జాబితా కంటే వాతావరణ సూచననే ఎక్కువసార్లు చూశానని ఒప్పుకోవాలి. పది రోజుల ముందు కనిపించిన వాన గుర్తు మర్నాటికి మాయమై, ఆ మరుసటి రోజు మళ్ళీ ప్రత్యక్షమవుతుంటే విసుగు కలిగింది. తొలి పరిశీలనల్లోని చిన్న తేడాలే రోజులు గడిచేకొద్దీ పెద్దవై, వారం దాటిన అంచనాలను అలా ఊగిసలాడిస్తాయని గుర్తు చేసుకున్నాక కొంత కుదుటపడ్డాను. 40 శాతం వాన అంటే రోజులో అంతసేపు కురుస్తుందని కాదు, ఆ చోట ఆ వ్యవధిలో వాన పడే అవకాశం 10లో 4 అని మాత్రమే (ఈ మాట మా మిత్రుల్లో ఎవరూ నమ్మలేదు). చివరి రోజు ఉదయం సూచనలన్నీ పక్కనపెట్టి, రాడార్ చిత్రంలో వాన మేఘాలు ఎటు కదులుతున్నాయో చూస్తూ కూర్చున్నాను. సంచిలో పెట్టుకున్న వాన కోటు, రెండో బృందం వేదికెక్కేసరికి నా ఒంటి మీద ఉంది.