సిరి కోసం బండి వెతికిన మూడు నెలలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేం విశాఖ దగ్గర భీమిలిలోనే ఉన్నాం. మేం తలుపులకు గడియలు పెట్టుకుని లోపల కూర్చుంటే, పెరట్లో షెడ్డు కింద మా గుర్రం ఒక్కటే ఉండిపోయింది. గాలి తగ్గాక వెళ్లి చూస్తే పైన ఒక్క రేకు లేదు. దాని మెడ మీద కోత, ఒళ్లంతా వణుకు. బతికింది గానీ, ఆ చూపు నాకింకా గుర్తే.

ఇప్పుడున్నది సిరి. ఈసారి తుపాను హెచ్చరిక వినగానే దాన్ని ఎస్.కోటలో పెదనాన్నగారి మామిడితోటకు చేర్చేయాలని గట్టిగా అనుకున్నాను. అందుకు దాన్ని ఎక్కించుకెళ్లే సొంత మోటారు బండి కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి, ఎవరో ఒకరు గుర్రాల కోసం మార్పించిన పాత బండే చూసుకోవాలి.

ముందు దాని బరువు తేల్చుకున్నాం. పశువుల డాక్టరుగారు టేపుతో లెక్క నేర్పారు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, రొమ్ము నుంచి పిర్ర దాకా పొడవుతో మళ్లీ హెచ్చవేసి, 11880తో భాగించాలి. కొలతలు సెంటీమీటర్లలో తీసుకుంటే జవాబు కిలోల్లో వస్తుంది. సిరికి చుట్టుకొలత 160, పొడవు 150. అంటే సుమారు 323 కిలోలు.

ఆమాత్రానికి చిన్న బండి చాలదా అన్నాడు తమ్ముడు. బియ్యం బస్తాలైతే చాలును. గుర్రం దారి పొడుగునా నిలబడే ఉంటుంది. బ్రేకు వేస్తే ముందుకి, మలుపు తిరిగితే పక్కకి తూలుతుంది. బాడీ ఎత్తు పెంచిన ఇనుము, రబ్బరు, ర్యాంపు బరువు దీనికి అదనం. మేం చూసిన మొదటి బండిని వే బ్రిడ్జి ఎక్కిస్తే, ఆర్‌సీలో రాసిన ఖాళీ బరువు కన్నా 280 కిలోలు ఎక్కువ తూగింది. మార్పులకు ఆర్టీఓ అనుమతి కూడా లేదు. దాన్ని వదిలేశాం.

రెండోది ఒకప్పటి స్కూలు వ్యాను. కొత్త రంగు, లోపల నల్లటి రబ్బరు చాప, గోడలకు మెత్తలు. చూడగానే నచ్చేసింది. కానీ గుర్రాన్ని చూసుకునే మా సయీసు తాత పట్టుబట్టి నన్ను వెనక ఎక్కించి, తలుపులు వేసి, గాజువాకలో రెండు వీధులు తిప్పించాడు. సిరి తల ఉండే చోటే నిలబడ్డాను. కిటికీలు కిందికున్నాయి, పైన గాలి ఆడే దారి లేదు. బండి ఆగినప్పుడల్లా సైలెన్సరు పొగ లోపలికే వస్తోంది. పది నిమిషాలకే చొక్కా తడిసి ముద్దయింది. గుర్రం ముక్కుతోనే తప్ప నోటితో గాలి పీల్చలేదు. మన వేసవి ఉక్కలో దాన్ని అందులో ఎలా ఉంచుతాం?

దిగాక తాత రబ్బరు చాప మూల ఎత్తాడు. కింద ప్లైవుడ్ తడిసి పొరలు విడిపోయింది. బండి కిందికి దూరి అడ్డపట్టీకి స్క్రూడ్రైవరు ఆనించి నొక్కాడు. తుప్పు పెళ్లలుగా రాలి, మొన పట్టీలోకి దిగబడిపోయింది. "సముద్రం గాలి తినేసిందమ్మా, రంగేటి చేస్తది" అన్నాడు. నడిచే బండిలో నేల తెగి గుర్రం కాలు కిందికి దిగితే ఏమవుతుందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. మీరు ఏ బండి చూసినా చాప ఎత్తించండి. అమ్మేవాడు మొహమాటపెడితే అక్కడితో బేరం ఆపేయండి.

చివరికి ఒక పికప్ దొరికింది. ఛాసిస్ గట్టిది, ఆర్‌సీ సరిగ్గా ఉంది. ఆటోనగర్‌లో నేల మొత్తం తీయించి, కొత్త పట్టీలు, మందపాటి చెక్క, దాని మీద గరుకు రబ్బరు వేయించాం. సిరి కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలదొక్కుకునేంత వెడల్పు వదిలాం. ఇరుకైతే బెదిరి గోడల్ని తన్నేస్తుంది. ముందు రొమ్ముకి, వెనక పిర్రకి మెత్త చుట్టిన అడ్డకర్రలు పెట్టించాం. తల కిందికి దించుకునేలా తాడు వదులుగా కట్టాలి. ఎత్తుగా బిగించి కడితే ముక్కులో చేరిన దుమ్మూ చీమిడీ బయటికి రాక ఊపిరితిత్తులకు జబ్బు పట్టుకుంటుందని డాక్టరుగారు చెప్పారు. తాడుకీ కొక్కేనికీ మధ్య సన్నటి జనపతాడు ముక్క కట్టాం. గుర్రం పడిపోతే అది తెగి మెడను వదిలేస్తుంది. బండి మార్పులన్నీ ఆర్‌సీలో ఎక్కించుకున్నాం.

1978 నాటి జంతు రవాణా నియమాలు గుర్రాలకీ వర్తిస్తాయి. ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని డాక్టరు సర్టిఫికెట్ వెంట ఉండాలి, నేల జారకూడదు, వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు.

పన్నెండు రోజులు బండిని కదపకుండా ర్యాంపు మీదే సిరికి ఉలవలు పెట్టాం. మొదట ముందుకాళ్లే పెట్టేది. చప్పుడు బోలుగా వస్తే వెనక్కి లాగేసేది. ర్యాంపు మీద కొబ్బరిపీచు పట్టా పరిచాక భయం తగ్గింది. పదమూడో రోజు తనంతట తనే ఎక్కి తొట్టె నాకుతూ నిలబడింది.

తగరపువలస, ఆనందపురం, పెందుర్తి, కొత్తవలస మీదుగా మెల్లగా వెళ్లాం. పెందుర్తి దగ్గర ఆపి నీళ్లు పెడితే అర బకెట్ తాగింది. ఎస్.కోటలో దించి నాలుగు కాళ్లూ తడిమి చూశాను. ఎక్కడా గీత లేదు. సిరి అప్పటికే మామిడిచెట్టు కింద గడ్డి పీకుతోంది.