రెండు, ఎనిమిది, ఒకటి: ఈ లెక్క బోర్‌ది కాదు

సోడియం పరమాణువు బొమ్మ గీయమంటే అందరూ ఒకేలా గీస్తారు: మధ్యలో కేంద్రకం, చుట్టూ మూడు వలయాలు, వాటి మీద వరుసగా 2, 8, 1 చుక్కలు. కింద ‘బోర్ నమూనా’ అని రాసేస్తారు. వలయాలు భౌతిక శాస్త్రజ్ఞుడు నీల్స్ బోర్‌వే గానీ, వాటి మీది లెక్క మాత్రం 1913 నాటి ఆయన సిద్ధాంతం నుంచి వచ్చింది కాదు.

1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని ప్రతిపాదించినప్పుడు, దాని చుట్టూ ఎలక్ట్రాన్లు ఎలా అమరి ఉంటాయన్న ప్రశ్నను దాదాపు పక్కన పెట్టేశారు. ఎలక్ట్రాన్ కోణీయ ద్రవ్యవేగం ప్లాంక్ స్థిరాంకాన్ని 2పై తో భాగించిన విలువకు పూర్ణాంక గుణిజంగానే ఉండాలన్న బోర్ షరతు హైడ్రోజన్‌కు అద్భుతంగా సరిపోయి, 656 నానోమీటర్ల దగ్గర కనిపించే ఎర్ర గీత ఎక్కడి నుంచి వస్తుందో లెక్కగట్టి చూపింది. అయితే హైడ్రోజన్‌లో ఉన్నది ఒక్కటే ఎలక్ట్రాన్. ఒక కక్ష్యలో ఎన్ని పడతాయన్న ప్రశ్న అక్కడ పుట్టదు.

ఆ ప్రశ్న ఎదురైన చోట బోర్ ఏం చేశారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అదే ఏడాది ఆయన ఇచ్చిన పట్టికలో, లోపలి నుంచి బయటకు లెక్కిస్తే, నైట్రోజన్ విన్యాసం 4, 3. ఆక్సిజన్‌ది 4, 2, 2. నియాన్‌ది 8, 2. సోడియంది 8, 2, 1. నైట్రోజన్ బయటి వలయంలో మూడు ఎందుకంటే దాని సంయోజకత (ఇతర పరమాణువులతో ఏర్పరచుకునే బంధాల సంఖ్య) మూడు కనుక. అంటే రసాయన శాస్త్రానికి తెలిసిన జవాబును ముందుపెట్టుకుని వలయాలను దానికి సర్దారన్నమాట. దీన్ని తప్పుపట్టాలని నాకు అనిపించదు; అప్పటికి అంతకన్నా గట్టి ఆధారం ఎవరి దగ్గరా లేదు.

ఎనిమిదికి ప్రాధాన్యం తెచ్చినవారు ముఖ్యంగా రసాయన శాస్త్రజ్ఞులే. 1916లో లూయిస్ ఎలక్ట్రాన్లను ఘనం ఎనిమిది మూలల్లో కూర్చోబెట్టారు. 1919లో లాంగ్‌మ్యూర్ ఆ ఊహను విస్తరించారు. బయటి కర్పరంలో, అంటే బయటి వలయంలో, ఎనిమిదికి మించి ఉండవని 1921లో బరీ వాదించారు.

ఎందుకు ఎనిమిదే అన్నదానికి కారణం 1925లో పౌలీతో వచ్చింది. ఒకే పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లకూ వాటి స్థితిని తెలిపే నాలుగు క్వాంటం సంఖ్యలూ ఒకటిగా ఉండకూడదన్నది ఆయన నియమం. రెండో కర్పరాన్నే తీసుకుంటే, ఎస్ ఉపకర్పరంలో (కర్పరంలోని ఒక భాగం) ఒక ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్లు ఉండే చోటు), పి ఉపకర్పరంలో మూడు, మొత్తం నాలుగు. ఒక్కోదానిలో వ్యతిరేక స్పిన్‌లతో (స్పిన్ అంటే ఎలక్ట్రాన్‌కు ఉండే, రెండే విలువలు తీసుకునే సహజ గుణం) రెండేసి ఎలక్ట్రాన్లు, వెరసి ఎనిమిది. ఇదే లెక్కన, డి ఉపకర్పరం కూడా ఉన్న మూడో కర్పరంలో 18 పడతాయి.

మరి ఆర్గాన్ మూడో కర్పరంలో ఎనిమిదితోనే ఆగుతుంది, పొటాషియం 19వ ఎలక్ట్రాన్ నాలుగో దానికి వెళ్తుంది. చోటు ఎంత ఉందో చెప్పే పౌలీ నియమం ఏది ముందు నిండుతుందో చెప్పదు. అది శక్తికి సంబంధించిన విషయం. 4ఎస్ (నాలుగో కర్పరపు ఎస్ ఉపకర్పరం) ఎలక్ట్రాన్ కొంతమేరకు కేంద్రకానికి బాగా చేరువలోకి చొచ్చుకుపోగలదు, అందుచేత లోపలి ఎలక్ట్రాన్ల తెర దానికి కేంద్రకపు ఆకర్షణను పూర్తిగా అడ్డలేదు. పొటాషియంలో 3డి (మూడో కర్పరపు డి ఉపకర్పరం) కంటే దాని శక్తి తక్కువగా ఉండటానికి కారణం ఇదే. రాగి దగ్గరకు వచ్చేసరికి మాత్రం 3డి పూర్తిగా నిండి, 4ఎస్‌లో ఒక్కటే మిగులుతుంది: 2, 8, 18, 1.