అమ్మ చక్రాల కుర్చీ, అడవి బాట

విశాఖపట్నంలో ఎటు చూసినా తూర్పు కనుమల పచ్చదనమే గానీ, మోకాళ్లు అరిగి చక్రాల కుర్చీకి పరిమితమైన మా అమ్మకు అది కారు అద్దంలోంచి చూసేదిగానే మిగిలింది. మొన్న కార్తీకంలో నగర శివారులోని ఒక అటవీ ఉద్యానానికి తీసుకువెళ్లాం. ద్వారం దగ్గర ర్యాంపు ఉంది. అది దాటగానే వదులు కంకర. ముందున్న చిన్న చక్రాలు అందులో కూరుకుపోవడంతో, కుర్చీని తిప్పి, పెద్ద చక్రాల మీద వెనక్కి లాగుతూ ఇరవై గజాలు వెళ్లేసరికి నాకు చెమటలు పట్టాయి. అమ్మ మాత్రం ఉసిరి చెట్టు కనిపించిందని సంబరపడింది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ర్యాంపు వాలు 1:12 మించకూడదు, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. అడవంతా సిమెంటు పోయమని ఎవరూ అడగరు (నేనైతే అసలే అడగను). దిమ్మిస కొట్టిన గట్టి మట్టి బాట, కుర్చీ పట్టే మరుగుదొడ్డి, బాట పొడవెంతో, ఎక్కడ ఎత్తుగా ఉంటుందో ద్వారం దగ్గరే తెలిపే పలక ఉంటే చాలు.