కంబాలకొండలో ఒక కార్తీక ఆదివారం

రాజమహేంద్రవరం నుంచి విశాఖపట్నానికి నేను వెళ్లేది సాధారణంగా పెళ్లిళ్లకో, సింహాద్రి అప్పన్న దర్శనానికో. ఈసారి మాత్రం కళాశాలలో చదువుతున్న మా మేనకోడలు, "అత్తా, నీకు పూలంటే ప్రాణం కదా, ఒక్కసారి మాతో కొండకు రా" అని పట్టుబట్టినందువల్ల వెళ్లాను. ఆమె, ఆమె స్నేహితులు ఏడుగురు సీతాకోకచిలుకలను చూడటానికి వీలైనప్పుడల్లా కంబాలకొండకు వెళ్తారని విన్నాను గాని, అదంతా ఈడు పిల్లల విహారమే అనుకొని, పులిహోర డబ్బా సర్దుకొని వనభోజనాలకు బయలుదేరినట్టే బయలుదేరాను.

హనుమంతవాక దాటిన తరువాత జాతీయ రహదారికి సముద్రం వైపున జంతు ప్రదర్శనశాల, రెండోవైపున కంబాలకొండ ఉంటాయి. సుమారు 71 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని 2002లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఇంత పెద్ద నగరానికి ఇంత దగ్గరలో తూర్పు కనుమల అడవి మిగిలి ఉండటం విశాఖవాసుల అదృష్టమని నా అభిప్రాయం. వారిలో ఎందరు ఆ సంగతి తలుచుకుంటారో మరి.

ఏడున్నరకే లోపలికి చేరుకున్నా ఒక్క సీతాకోకచిలుకైనా కనిపించలేదు. నేను నిరాశపడుతుంటే ఒక కుర్రవాడు నవ్వి, "ఎండ రావాలి ఆంటీ, ఒళ్లు వెచ్చబడితే గాని అవి ఎగరలేవు" అన్నాడు. ఎండ వచ్చేలోగా వాళ్లు ఊరికే కూర్చోలేదు. నేను పూల కోసం వెతుకుతుంటే, వాళ్లు వంగి ఆకుల అడుగుభాగాలను ఒక్కొక్కటిగా పరిశీలించసాగారు. తేనె ఏ పువ్వులో దొరికినా తాగే సీతాకోకచిలుక గుడ్లు పెట్టేటప్పుడు మాత్రం తన జాతికి తగిన మొక్కనే ఎంచుకుంటుందని, ఆకు మీద వాలి కాళ్లతోనే రుచి చూసి పోల్చుకుంటుందని మా మేనకోడలు వివరించింది. ఆముదాకు తినేవి కొన్ని, రేలాకు తినేవి కొన్ని, వీధుల్లో అందం కోసం నాటే నరమామిడి మీద, పెరట్లోని సీతాఫలం మీద పెరిగేవి మరికొన్ని ఉన్నాయట. నిమ్మజాతి మొక్కల మీదా, కరివేపాకు మీదా పెరిగే గొంగళిపురుగు చిన్నతనంలో అచ్చం పిట్టరెట్టలా ఉండి శత్రువుల కళ్లు కప్పుతుందని చెప్పినప్పుడు నాకు గుండె కలుక్కుమంది. పోయిన వేసవిలో మా నిమ్మచెట్టు చిగుళ్ల మీద అలాంటివే కనిపిస్తే, చీడ పట్టిందని నేనే దగ్గరుండి మందు కొట్టించాను. దాచుకోలేక ఆ సంగతి చెప్పాను. ఎవరూ తప్పుపట్టలేదు. ఒక అమ్మాయి మాత్రం మెల్లగా, "ఎన్ని ఉండేవి ఆంటీ?" అని అడిగింది. లెక్కపెట్టలేదని చెప్పడానికి నాకు సిగ్గువేసింది.

తొమ్మిది దాటాక పొదల మీదికి ఎండ పాకింది. నల్లని రెక్కల మీద తెల్లని పట్టీలు, వెనుక రెక్కల మీద ఎర్రని చుక్కలు, కుంకుమ అద్దినట్టున్న ఒళ్లు గల క్రిమ్సన్ రోజ్ ఒకటి తొందరేమీ లేనట్టు మా ముందు నుంచి సాగిపోయింది. ఆ తీరికకు కారణముంది. దాని గొంగళిపురుగు విషగుణం గల ఈశ్వరి తీగను తిని పెరుగుతుంది; ఆ విషం ఒంట్లో మిగిలి ఉండటం వల్ల ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ దాని జోలికి రాదు. కొంతసేపటికి అలాంటిదే ఇంకొకటి వచ్చింది, నేను గొప్పగా పేరు చెప్పాను, పిల్లలందరూ గొల్లున నవ్వారు. అది కామన్ మార్మన్ ఆడది. విషమేమీ లేని ఈ జాతిలో ఆడవాటికి మూడు రూపాలు ఉంటాయి: ఒకటి మగదానిని పోలి ఉంటే, తక్కిన రెండూ విషం గల రెండు వేరే జాతులను అనుకరిస్తాయి. రెక్కలన్నీ సరిపోయినా ఒంటికి ఆ ఎరుపు మాత్రం రాలేదు, అక్కడే దొరికిపోతుంది. పగటివేషగాళ్లను చూస్తూ పెరిగిన నాకు ఆ వేషం ఎంత చూసినా తనివి తీరలేదు.

చెరువు ఒడ్డున తడిమట్టి మీద పసుపుపచ్చని ఎమిగ్రెంట్లు గుంపుగా వాలి లవణాలు పీలుస్తున్నాయి. అలా చేరేవి చాలావరకు మగవేనట.

అక్కడికి దగ్గరలోనే పులికంప పొద ఒకటి రంగురంగుల పూలతో, దాని నిండా సీతాకోకచిలుకలతో కళకళలాడుతుంటే, నేను ముచ్చటపడి ఫోటో తీయబోయాను. దాని మీద పిల్లల మధ్య పెద్ద వాదమే నడిచింది. అమెరికా ఉష్ణమండలం నుంచి అలంకారానికి తెచ్చిన ఈ లాంటానాను పండ్లు తిన్న పిట్టలే అడవంతా చల్లాయని, దాని కింద ఈశ్వరి వంటి తీగలు మొలవలేవని, మొదలంటా పెరికేయాలని కుర్రవాడి వాదన. ఒక్కసారిగా పెరికితే ఇప్పుడున్న వాటికి తేనె ఎక్కడిదని, కొంత కొంతగా తీస్తూ ఆ చోట ఇక్కడి మొక్కలే నాటుకుంటూ రావాలని మా మేనకోడలు పట్టు. రెండో మాటే వివేకమని తెలిసినా, కనకాంబరం మడిలో కలుపు తీసిన అలవాటు వల్ల కాబోలు, నా మనసు కుర్రవాడి వైపే మొగ్గింది.

మధ్యాహ్నం ఉసిరిచెట్టు నీడన పులిహోర తిన్నాం. తింటూనే వాళ్లు నోటు పుస్తకంలో లెక్కలు సరిచూసుకున్నారు: జాతి, మొక్క, సమయం, ఎండా మబ్బా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని చెట్లను కూల్చినప్పుడు వీళ్లందరూ పసిపిల్లలే. మర్నాడు వీధిలో నీడ లేకపోవడం ఒక్కటే తనకు గుర్తుందని ఒక అమ్మాయి చెప్పింది.

తిరుగు ప్రయాణంలో ఆర్టీసీ కాంప్లెక్సుకు వెళ్లే సిటీ బస్సు కోసం రహదారి పక్కన నిలబడ్డాం. ఎవరూ పట్టించుకోని జిల్లేడు మొక్క ఒకటి దుమ్ము కొట్టుకొని అక్కడే ఉంది. ఈసారి ఎవరూ చెప్పకుండానే నేను వంగి ఆకు తిరగేశాను. తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, వీపున మూడు జతల నల్లని కొమ్ముల వంటి పోగులతో ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు ఒకటి ఆకు అంచును కొరుకుతోంది. పిల్లలను పిలిచాను. బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఆ మొక్క మీద మొత్తం ఏడు ఉన్నాయి. ఈసారి నేనే లెక్కపెట్టాను.